ట్రాక్టర్ ఇంజిన్ కొడుతోందా? దించకముందే బేరింగా, క్రాంకా తేల్చుకోవడం ఎలా

ఏటా దమ్ములు మొదలవగానే గుణుపూర్, కాశీనగరం, పర్లాకిమిడి వైపు నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఇంజిన్ కొడుతోంది. బేరింగ్ పోయిందంటున్నారు. దించేయమంటావా?" అని ఫోన్‌లో శబ్దం వినిపిస్తారు. ఫోన్‌లో విని ఎవరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను. అందుకే పొలం గట్టున మీరే చేసుకోగల పరీక్షలన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట గట్టిగా చెప్పి మొదలుపెడతాను. బేరింగ్ దానంతటది పోదు. నూనె అందకో, నూనెలో డీజిలో నీళ్లో దుమ్మో కలిసో, మోయలేని బరువు లాగించో పోతుంది. ఆ కారణం పట్టుకోకుండా కొత్త బేరింగులు వేస్తే మళ్లీ సీజన్‌కి అదే పని, అదే ఖర్చు. మా ఇంట్లో అలాగే జరిగింది. దమ్ముల మధ్యలో తొందరపడి ఒక్క రాడ్ బేరింగే మార్పించాం. కొత్త బేరింగ్ చిప్ప వదులుగా ఉందని మేస్త్రీ దాని వెనక సన్నటి రేకుముక్క పెట్టి బిగించాడు. నేను పక్కనే ఉన్నాను, వద్దనలేదు. కోతలు రాకముందే ఆ రాడ్డు బ్లాకును పగలగొట్టుకుని బయటికొచ్చింది. బ్లాకు, క్రాంకు, రాడ్డు మూడూ తుక్కు కిందికే వెళ్లాయి.

తెలియాల్సిన సిద్ధాంతం ఇంతే. పిస్టన్ల పైకీ కిందికీ ఊగుడును తిప్పుడుగా మార్చే ఇరుసే క్రాంకు. క్రాంకును బ్లాకులో పట్టి ఉంచేవి మెయిన్ బేరింగులు, పిస్టన్ రాడ్డును క్రాంకుకు కలిపే చోట ఉండేవి రాడ్ బేరింగులు. రెండూ అరచంద్రాకారపు చిప్పల జతలే. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో మామూలుగా మెయిన్లు నాలుగు, రాడ్లు మూడు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఇనుముకూ చిప్పకూ మధ్య పల్చటి నూనె పొర ఉంటుంది. ఆ పొర చెదిరిందంటే కొట్టుడు మొదలైనట్టే.

ఏమేం కావాలి

గట్టి కర్ర ఒకటి, మూడడుగులది. పొడుగాటి స్క్రూడ్రైవర్ అయినా చాలు. నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్టుకు సరిపడే స్పానర్. 0 నుంచి 7 కేజీల (చదరపు సెంటీమీటరుకు) వరకు చూపే ఆయిల్ ప్రెషర్ మీటరు, మీ బ్లాకుకు పట్టే అడాప్టరుతో. తెల్లగుడ్డ, అయస్కాంతం, హాక్‌సా బ్లేడు, శుభ్రమైన స్టీలు పళ్లెం. ఇంజిన్ విప్పే దాకా వస్తే టార్క్ స్పానర్ (బిగింపు బలం కొలిచేది), ప్లాస్టిగేజ్ దారం (బేరింగ్ సందు కొలిచేది), మైక్రోమీటర్ కావాలి. మైక్రోమీటర్ మీరు కొననక్కర్లేదు, గ్రైండింగ్ షాపులో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో టార్కులు (బిగింపు బలాలు), క్లియరెన్సులు (సందుల కొలతలు) ఉన్న పేజీ. నేను ఇచ్చే అంకెలు చాలా ట్రాక్టర్లకు దగ్గరగా ఉంటాయి కానీ, చివరి మాట మాత్రం ఆ పేజీదే.

1. ముందు ఇంజిన్ ఆపి నూనె చూడండి

"ఈ మడి అయిపోయాక చూద్దాం" అన్న అరగంటలోనే క్రాంకు పోతుంది. శబ్దం కొత్తగా వినిపించిందా, వెంటనే ఆపండి. బండిని సమంగా ఉన్న నేల మీద పెట్టి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి.

మట్టం తగ్గి ఉంటే కారణం కొంత దొరికినట్టే. పెరిగి ఉంటే ఇంకా ప్రమాదం. చాలామంది ఇక్కడే పొరబడతారు, "నూనె నిండుగా ఉంది కదా" అనుకుంటారు. పోయకుండా నూనె పెరగదు. డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు డయాఫ్రం, డీజిల్ పంపు సీలు, నాజిళ్లు అనుమానించండి. టీలో పాలు కలిసినట్టు తెల్లబారితే నీళ్లు దిగాయి, లైనర్ల కింది రబ్బరు రింగులో హెడ్ గ్యాస్కెటో చూడాలి. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడితే దుమ్మో ఇనుప పొడో ఉంది.

ఇలాంటి నూనెతో మిగతా పరీక్షల కోసం ఇంజిన్ తిప్పకండి. నూనె దించేయండి. దించేటప్పుడు ఫిల్టర్ జాగ్రత్త చేయండి, 6వ మెట్టులో దానితో పని ఉంది.

2. శబ్దం ఎప్పుడు వస్తుందో రాసుకోండి

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్లోలోనా, రేసు ఇచ్చినప్పుడా, రేసు వదిలిన క్షణంలోనా? బరువు మీదా, ఖాళీగానా? ఈ ముక్కలన్నీ కాగితం మీద పెడితే మేస్త్రీకి సగం పని తగ్గుతుంది. మా వైపు మేస్త్రీ ఒడియావాడైతే శబ్దాన్ని మాటల్లో వర్ణించడం మనకూ కష్టం, అతనికీ కష్టం. ఏ పరిస్థితిలో వస్తుందో చెప్తే ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

రాడ్ బేరింగ్ దెబ్బ సుత్తితో దాగలి మీద కొట్టినట్టు గట్టిగా "టక్ టక్" అంటుంది. నూనె వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. రేసు ఇచ్చి ఠక్కున వదిలినప్పుడు స్పష్టంగా దొరుకుతుంది.

మెయిన్ బేరింగ్ దెబ్బ లోతుగా "దబ్ దబ్" అంటుంది. చెవికి వినిపించే దానికంటే కాళ్ల కింద ఫుట్‌బోర్డుకు తగిలేదే ఎక్కువ. బరువు లాగేటప్పుడు పెరుగుతుంది.

చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గితే అది చాలావరకు పిస్టన్‌దే. పైనుంచి సన్నగా "టిక్ టిక్" వస్తే టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గరి సందు) చూసుకోండి. కటకటమంటూ పొగ కూడా మారి, ఆయిల్ ప్రెషర్ మాత్రం బాగుంటే నాజిల్ మీద అనుమానం పెట్టుకోండి. నాజిల్ కొట్టుడుకు ఇంజిన్ దించేసిన వాళ్లను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను.

3. కర్రతో వినండి

కర్ర ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఇంజిన్ మీద ఆనించండి. ముందు హెడ్డు, తర్వాత బ్లాకు పక్కభాగం, ఆఖరున ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టి) అంచు, ముందు నుంచి వెనక్కి వరసగా. శబ్దం కింద ఎక్కువగా ఉంటే క్రాంకు వైపు, పైన ఎక్కువైతే వాల్వులు, నాజిళ్ల వైపు. వెనక ఎక్కువైతే ఫ్లైవీల్ బోల్టులు కూడా చూడాలి. ఫ్లైవీల్ వదులైనా అచ్చం మెయిన్ బేరింగ్‌లాగే కొడుతుంది.

జాగ్రత్త: తువ్వాలు, కండువా, లుంగీ కొంగు ఏదీ వేలాడకూడదు. ఫ్యాన్, బెల్టు ఉన్న వైపు నుంచి వంగకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

4. ఒక్కో సిలిండర్ ఆపి చూడండి

ఇది అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష. ఇంజిన్ వేడెక్కాక, శబ్దం బాగా వచ్చే వేగంలో పెట్టి, మొదటి సిలిండర్ నాజిల్ దగ్గర పైపు నట్టు అరచుట్టు వదులు చేయండి. డీజిల్ బయటికి పోతుంది, ఆ సిలిండర్ మండదు. శబ్దం విని నట్టు బిగించి, రెండోదానికి వెళ్లండి.

ఒకదాన్ని ఆపినప్పుడు దెబ్బ బాగా మెత్తబడితే తప్పు ఆ సిలిండర్‌దే. రాడ్ బేరింగ్ అయితే తగ్గుతుంది, కానీ చాలాసార్లు కొంత మిగులుతుంది. నాజిల్ అయితే పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు ఆ నాజిల్ తీసి పక్క సిలిండర్‌ది ఇక్కడ, ఇక్కడిది అక్కడ వేసి చూడండి. శబ్దం నాజిల్‌తో పాటు వెళ్లిందా, మీ ఇంజిన్ దించక్కర్లేదు, నాజిల్ టెస్ట్ చేయించుకుంటే సరి. ఏ ఒక్కటి ఆపినా తేడా రాకుండా, పక్కపక్కనున్న రెండూ ఆపితే తగ్గితే ఆ రెండిటి మధ్య మెయిన్ అనుమానం.

రెండు హెచ్చరికలు. పైపులోంచి చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. చేయి అడ్డం పెట్టకండి, నట్టు మీద గుడ్డ వేసి, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయండి. చర్మంలోకి పోయిందని అనుమానం వచ్చినా, చిన్న చుక్కలాగే కనిపించినా, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది, కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో, చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే) ఇంజిన్‌కు ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి. 2023 నుంచి వచ్చిన 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లలో చాలావాటికి అదే ఉంటుంది. ఆ పైపుల్లో ఒత్తిడి ప్రాణం మీదికి తెస్తుంది. వాటికి సిలిండర్లను కంప్యూటర్‌తోనే ఆపించాలి.

5. ఆయిల్ ప్రెషర్ మీటరు పెట్టి చూడండి

డాష్‌బోర్డు మీటరునో ఎర్ర లైటునో నమ్మి నిర్ణయానికి రాకండి. ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మంచి మీటరు బిగించండి. చల్లని ఇంజిన్ మీద చూపే అంకెకు విలువ లేదు, చిక్కటి నూనె అరిగిన బేరింగ్‌ను దాచేస్తుంది. అరగంట నడిపి వేడెక్కించి చూడండి. రేటెడ్ వేగంలో (పుస్తకంలో ఇచ్చిన పూర్తి పని వేగంలో) చాలా ట్రాక్టర్లకు 2 నుంచి 4 కేజీలు, స్లోలో 1 కేజీకి అటూఇటూ ఉండాలి. చల్లగా 4 ఉండి, వేడెక్కాక స్లోలో ముల్లు సున్నాకి దిగిపోతుంటే లోపల సందు పెరిగినట్టు.

అయినా తొందరొద్దు. ప్రెషర్ తగ్గిందంటే బేరింగే అని కాదు. రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు, అరిగిన ఆయిల్ పంపు, మడ్డి కట్టిన జాలి, పల్చబడ్డ నూనె కూడా ఇదే చేస్తాయి. సరైన గ్రేడు నూనె, కొత్త ఫిల్టరు వేసి మళ్లీ చూడండి. ఇప్పుడు ఎక్కువ మంది వాడేది 15డబ్ల్యూ-40, మీ పుస్తకం ఏది చెప్తే అది పోయండి. శబ్దం తగ్గించడానికి చిక్కటి గేరు నూనె కలపమని ఎవరైనా చెప్తే వినకండి. రెండు రోజులు మూగబోతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది.

6. ఫిల్టర్ కోసి చూడండి

దించిన ఫిల్టర్ డబ్బాను హాక్‌సాతో చుట్టూ కోయండి. కోతలో రాలిన పొడి లోపలికి పోకుండా చూసుకోండి, లేకపోతే మీ బ్లేడు పొడినే బేరింగ్ పొడి అనుకుంటారు. కాగితాన్ని విప్పి, డీజిల్‌లో కడిగి, ఆ డీజిల్‌ను స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెట్టి చూడండి.

అయస్కాంతానికి అంటుకునేది ఇనుము. అది క్రాంకు, రింగులు, గేర్లలో ఏదైనా కావచ్చు. అంటుకోకుండా బూడిద రంగులో మెత్తగా, గోటితో నలిపితే అణిగే పొరలు బేరింగ్ పై పొరవి. పిస్టన్ అల్యూమినియం కూడా అంటుకోదు కానీ అది గట్టిగా, తెల్లగా మెరుస్తుంది. బంగారం రంగు తళుకులు కనిపిస్తే బేరింగ్ పై పొర అయిపోయి రాగి దాకా అరిగిందన్నమాట, లేదా ఏదో బుష్ పోతోంది. నాలుగైదు రవ్వలుంటే భయపడకండి. వేలితో తీస్తే వేలికి అంటుకునేంత ఉంటే ఇంకో గంట కూడా నడపకండి.

7. క్లచ్ తొక్కి క్రాంకు ముందు పుల్లీ చూడండి

ఇంజిన్ ఆపి, ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతుండాలి, ఇంకొకరు పుల్లీ వైపు చూడాలి. క్రాంకు ముందుకీ వెనక్కీ ఆడవలసింది మామూలుగా 0.1 నుంచి 0.4 మిల్లీమీటరు లోపే. కంటికి స్పష్టంగా కనిపించేంత ఆడుతుంటే అరచంద్రం థ్రస్ట్ వాషర్లు అయిపోయాయి. దమ్ములో డ్రైవర్ రోజంతా క్లచ్ మీద కాలు పెట్టి ఉంచితే ఇవే ముందు పోతాయి. ఆ వాషర్లు జారి చాంబర్లో పడితే క్రాంకు పక్కలే అరిగిపోతాయి.

విప్పాలా, వద్దా?

శబ్దం, ప్రెషర్, ఫిల్టర్. ఈ మూడిటిలో రెండు ఒకే మాట చెప్తే విప్పండి. శబ్దం ఒక్కటే ఉండి ప్రెషర్ బాగుండి ఫిల్టర్ శుభ్రంగా ఉంటే నాజిళ్లు, టాపెట్లు, ఫ్లైవీల్ చూసేదాకా చాంబర్ జోలికి పోకండి. ఫిల్టర్ నిండా రాగి పొడి ఉంటే మాత్రం శబ్దం రాకపోయినా విప్పాల్సిందే.

8. చాంబర్ దించి చిప్పలు చదవండి

కొన్ని మోడళ్లలో చాంబర్ పోత ఇనుముది, ముందు ఇరుసు బరువంతా దాని మీదే ఉంటుంది. అలాంటిదాన్ని జాకీ ఒక్కదానితో నమ్మి విప్పకండి. ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ కింద గట్టి స్టాండ్లు పెట్టకుండా ఎవర్నీ కిందికి దూరనివ్వకండి.

రాడ్ క్యాపు విప్పే ముందు నంబర్లు, ఏ వైపు ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీయండి. నంబర్లు లేకపోతే పంచ్‌తో చుక్కలు కొట్టండి. ఒక రాడ్డు క్యాపు ఇంకో రాడ్డుకు బిగించడం, తిప్పి బిగించడం, ఈ రెండు తప్పులతో కొత్త బేరింగులు ఎన్ని పోయాయో లెక్కలేదు.

చిప్ప తీసి తుడిచి, అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పి చూడండి. మంచి చిప్ప లోపలి వైపు అంతా ఒకే మసక బూడిద రంగులో ఉంటుంది, మెరవదు. మధ్యలో ఎర్రగా రాగి కనిపిస్తే పై పొర పోయింది. చుట్టూ సన్నటి గీతలుంటే దుమ్ము, ఎయిర్ క్లీనర్ రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చిరిగిందేమో చూడండి. ఎండాకాలం ఎర్రమట్టి దారుల్లో పత్తి లోడులు తోలేవాళ్ల ఇంజిన్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. పొర కరిగి పక్కకి పూసినట్టు ఉంటే నూనె అందలేదు. చీమలు తిన్నట్టు గుంటలు పడి నల్లబడితే నీళ్లో, మార్చకుండా వదిలేసిన పాత నూనె పులుపో. ఒక అంచు మాత్రమే అరిగితే రాడ్డు వంగింది. మెయిన్లలో నడిమివి ఎక్కువ అరిగి, చివరివి బాగుంటే క్రాంకు వంగిందేమో చూడాలి. చిప్ప వీపు అద్దంలా మెరుస్తుంటే క్యాపు బోల్టు టార్కు చాలక చిప్ప లోపల కదిలింది.

రాడ్లలో పై చిప్పలు, మెయిన్లలో కింది చిప్పలు మాత్రమే బాగా అరిగాయంటే తప్పు నూనెది కాదు, లాగుడుది. నీలగిరి దుంగల లోడు వేసుకుని రాయగడ పేపర్ మిల్లు దారిలో ఘాటీ ఎక్కేటప్పుడు గేరు దించకుండా, ఇంజిన్ నల్లపొగ కక్కుతూ మూలుగుతున్నా అదే గేరులో లాగిస్తే ఈ గుర్తే పడుతుంది. బేరింగ్ మార్చడంతో పాటు డ్రైవర్‌తో కూర్చుని ఈ చిప్పలు చూపించి మాట్లాడండి.

9. క్రాంకు కొలిపించండి

ముందు గోరు. జర్నల్ (క్రాంకు మీద బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) మీద అడ్డంగా గోరు పోనివ్వండి. గీతకు గోరు తట్టుకుంటే పాలిష్‌తో పోదు, గ్రైండింగే. గోరు సాఫీగా పోయినా అది చాలదు. మైక్రోమీటర్‌తో ఒక్కో జర్నల్‌ను నిలువుగా, అడ్డంగా, రెండు అంచుల దగ్గర కొలవాలి. నిలువుకూ అడ్డానికీ తేడా 0.05 మిల్లీమీటరు దాటితే కోడిగుడ్డు ఆకారం వచ్చేసింది, కొత్త చిప్ప వేసినా కొడుతుంది.

పగులు కోసం కిరోసిన్‌తో తడిపి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే సన్నటి తడి గీత బయటపడుతుంది. క్రాంకును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టినా గంటలా మోగాలి, చచ్చిన శబ్దం వస్తే అనుమానించండి. నమ్మకంగా తేలాలంటే గ్రైండింగ్ షాపులో అయస్కాంత పరీక్ష చేయించండి. పట్టేసి నీలంగా కాలిన క్రాంకుకు ఇది తప్పనిసరి.

శ్రీకాకుళమో బరంపురమో తీసుకెళ్లేటప్పుడు జర్నళ్లకు నూనె గుడ్డ చుట్టి, క్రాంకును నిలబెట్టి కట్టండి. ఖాళీ ట్రాలీలో దొర్లుతూ వెళ్లిన క్రాంకు షాపుకు చేరేసరికి కొత్త దెబ్బలతో చేరుతుంది.

గ్రైండింగ్ సైజులు 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు. షాపులో పది, ఇరవై, ముప్పై అంటారు. పాత చిప్ప వీపు మీద స్టాండర్డా, 0.25నా చెక్కి ఉంటుంది, అది చూసి ఇదివరకు ఎన్నిసార్లు గ్రైండింగ్ అయిందో తెలుసుకోండి. తర్వాతి సైజు మీ మోడల్‌కు దొరుకుతుందో ముందే కనుక్కోండి, కానీ కొలిచాకే కొనండి. షాపులో రెండు మాటలు తప్పక చెప్పండి. జర్నల్ మూలల్లోని గుండ్రం అలాగే ఉంచాలి, లంబంగా కోసేస్తే క్రాంకు సరిగ్గా అక్కడే విరుగుతుంది. నూనె రంధ్రాల అంచులు మెత్తగా చేయాలి.

10. బిగింపు, చెక్

క్రాంకు లోపలి నూనె దారులన్నీ తీగతో, డీజిల్‌తో, కంప్రెసర్ గాలితో కడగండి. గ్రైండింగ్ పొడి అక్కడ మిగిలితే మొదటి పది నిమిషాల్లోనే కొత్త బేరింగ్ గీసుకుపోతుంది. పాత బేరింగ్ పొడి ఆయిల్ కూలర్లో, పంపులో, జాలిలో కూడా దాక్కుంటుంది.

చిప్ప వెనక నూనె, కాగితం, రేకు ఏదీ వద్దు, పొడిగా ఉండాలి. క్యాపు అంచులు ఆకురాయితో రాసి బిగుతు తెప్పించడం కూడా వద్దు.

ప్లాస్టిగేజ్ దారం ముక్క జర్నల్ మీద పెట్టి, క్యాపును పూర్తి టార్కుకు బిగించి, క్రాంకు కదపకుండా విప్పి, నలిగిన వెడల్పును కవరు మీది కొలతతో పోల్చండి. ప్రతి 25 మిల్లీమీటర్ల వ్యాసానికి 0.025 అన్నది మోటు లెక్క. 70 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.07 దగ్గర వస్తే బాగున్నట్టు. మీ పుస్తకం అంకెతో సరిచూసుకుని, దారం తుడిచి, నూనె రాసి బిగించండి.

ఒక్కో క్యాపు బిగించగానే క్రాంకును చేత్తో తిప్పండి. ఏ క్యాపు తర్వాత బిగుసుకుందో తప్పు దాంట్లోనే ఉంది. అన్నీ బిగించాక తిప్పితే ఏది పట్టిందో తెలియదు.

స్టార్ట్ చేసేముందు ఫిల్టర్లో నూనె నింపి, స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టండి, మధ్యలో ఆగుతూ. మీటరు ముల్లు లేచాకే స్టార్ట్ చేయండి. పావుగంట స్లో కంటే కాస్త ఎక్కువలో నడిపి ఆపి, కారుడు, నూనె మట్టం చూడండి. మొదటి 50 గంటలు దమ్ము, ఘాటీ లోడు వద్దు, తేలిక పనే. 50 గంటలకు నూనె, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌నూ కోసి చూడండి. కాస్త మసక పొడి ఉంటుంది, రాగి రంగు కనిపించకూడదు.

అదే రోజు వేడి ఇంజిన్ మీద మీటరు పెట్టి, స్లోలో ఎంత, రేటెడ్ వేగంలో ఎంత అన్న రెండు అంకెలూ తేదీతో బానెట్ లోపలి వైపు పెయింటుతో రాయండి. ప్రతి నూనె మార్పుకూ వాటి కిందే కొత్త అంకెలు రాసుకుంటూ పొండి. అదే నూనె, అదే వేడి మీద అర కేజీ దిగిందంటే శబ్దం కోసం ఎదురుచూడకుండా ఫిల్టర్ కోయండి.